కుందేటి కొమ్ము, గోల్కొండ చెర

కాని పనిని చెప్పడానికి తెలుగులో మాటలకు కరువు లేదు. ఇసుకలోంచి నూనె, కుందేటి కొమ్ము, గగనకుసుమం, ఎండమావిలో నీళ్లు, గొడ్రాలి కొడుకు ఒక వరస. బూడిదలో పోసిన పన్నీరు, అడవి గాచిన వెన్నెల, చెవిటివాడి ముందు ఊదిన శంఖం ఇంకో వరస. మాటల్లో ఈ రెంటినీ ఒకే గాటన కట్టేస్తుంటారు. నిజానికి మొదటి వరసలోవి ఉండనివి, కుదరనివి. రెండో వరసలో పన్నీరూ నిజమే, వెన్నెలా నిజమే, శంఖం ఊదిన మాటా నిజమే, ఫలమే దక్కలేదు. ఏ ప్రయత్నాన్ని వ్యర్థమనాలి అన్న ప్రశ్నకు మన దర్శనాలు చెప్పిన జవాబులన్నీ ఈ తేడా చుట్టూనే తిరుగుతాయి.

సాంఖ్యులది ఖండితమైన మాట: లేనిది ఎంత చేసినా పుట్టదు. నువ్వులు గానుగాడితే నూనె వస్తుంది, ఇసుక ఆడితే రాదు. నువ్వుల్లో నూనె ముందే ఉంది గనకే అది బయటపడింది. ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారికల్లో తొమ్మిదోది ఈ సత్కార్యవాదానికి ఆధారం. నైయాయికులు దీన్ని ఒప్పుకోలేదు. కుమ్మరి చేయకముందు ఉన్నది మట్టే గాని కుండ కాదు, ముందే ఉంటే కుమ్మరితో పనేమిటి అన్నారు. శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యంలో ఈ పక్షాన్ని ఖండిస్తూ ఒక తమాషా వాక్యం తెచ్చారు. పూర్ణవర్మ పట్టాభిషేకానికి ముందు గొడ్రాలి కొడుకు రాజుగా ఉండేవాడని ఎవరైనా అంటే, ఆ ‘ముందు’ అన్న మాట దేన్ని పట్టుకుని నిలబడుతుంది? లేనివాడికి కాలంలో హద్దు గీయడం కుదరదు. ఉదాహరణ నేటి చెవికి కటువుగానే ఉంటుంది; వాదంలో పట్టు మాత్రం గట్టిది. 1905లో బెర్ట్రండ్ రస్సెల్, ఫ్రాన్సుకు రాజే లేని కాలంలో ‘ఫ్రాన్సు రాజు బట్టతలవాడు’ అంటే ఆ మాట ఏమవుతుందని అడిగింది ఇంచుమించు ఇలాంటి చిక్కునే.

కుందేటి కొమ్ము గొడవ బౌద్ధులకూ నైయాయికులకూ మధ్య బాగా ముదిరింది. బొత్తిగా లేనిదాన్ని గురించి ‘లేదు’ అనైనా ఎలా అంటారు? పదో శతాబ్దం నాటి ఉదయనాచార్యుడి జవాబు సూటిగా ఉంటుంది. కుందేలు ఉంది, కొమ్మూ ఉంది, అయితే అది ఆవుకో మేకకో ఉంది. లేనిదల్లా కుందేటికీ కొమ్ముకీ సంబంధం. అసాధ్యం అనుకున్నది చాలాసార్లు వేరువేరు చోట్ల సాధ్యమైనవాటిని కుదరని చోట కలపబోవడమే. భర్తృహరి నీతిశతకంలో ఇంకో మెట్టెక్కి, ఇసుకలో నూనె, కుందేటి కొమ్ము కూడా ఎలాగో సాధించవచ్చునేమో గాని మూర్ఖుడి మనసును రంజింపజేయడం కుదరదన్నాడు. ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన ఆ పద్యం బడిలో బట్టీపట్టని తెలుగువాడు అరుదు. అది తర్కం కాదు, విసుగు. అందుకే జనానికి అంతగా నచ్చింది.

ఇక రెండో వరస. ఇక్కడ ప్రశ్న వేదం మీదికే వచ్చింది. పుత్రకామేష్టి చేస్తే కొడుకు పుడతాడని విధి ఉంది. చేసినా పుట్టని వాళ్లున్నారు. కాబట్టి వేదం అబద్ధమాడిందని ఆక్షేపణ. గౌతముడి న్యాయసూత్రాలు ఈ ఆక్షేపణను దాచకుండా ముందు పెట్టి, తరవాత సమాధానం చెప్పాయి: లోపం కర్మలో గాని, కర్తలో గాని, సాధనంలో గాని ఉండి ఉంటుంది. ఖమ్మం జిల్లా వైరా ఆయకట్టు కింద నారుమడి మొలకెత్తకపోతే రైతు విత్తనాన్ని, నీటిని, చల్లిన తీరును అనుమానిస్తాడు. వడ్లు మొలవడమే అసంభవమని తేల్చడు. ఈ సమాధానానికి ఒక బలహీనత ఉంది. ఏ వైఫల్యానికైనా ఎక్కడో ఒక లోపం చూపవచ్చు గనక, విధి తప్పని ఎప్పటికీ రుజువు కాదు. మీమాంసకులకూ ఫలం లేని విధి మింగుడు పడలేదు. ప్రయోజనం లేనిదే మందమతి కూడా పనికి పూనుకోడని కుమారిలుడి వాదం. విశ్వజిత్ యాగానికి వేదం ఫలం చెప్పలేదు గనక స్వర్గమే ఫలమని ఊహించుకోవాలన్నారు. ఫలాన్ని పక్కన పెట్టి పనిని నిలబెట్టడానికి గీత పూనుకుంది. ఈ దారిలో మొదలుపెట్టిన ప్రయత్నం చెడిపోవడమంటూ లేదని రెండో అధ్యాయం భరోసా ఇస్తుంది.

ఈ సిద్ధాంతాలను నిలబెట్టి చూడడానికి ఖమ్మం జిల్లాలో దగ్గరి ఉదాహరణ కంచర్ల గోపన్న, అంటే భక్త రామదాసు. ఊరు నేలకొండపల్లి. పదిహేడో శతాబ్దంలో, గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా ఏలుబడిలో, పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉంటూ ప్రభుత్వానికి కట్టవలసిన శిస్తుతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించాడు. అందుకు గోల్కొండ కోటలో పన్నెండేళ్లు చెరలో ఉన్నాడని సంప్రదాయం. ఆ చెరసాలను ఇప్పటికీ చూపిస్తారు.

నిష్కామ భక్తికి రామదాసును ఉదాహరణగా చెప్పడం వాడుక. కీర్తనలు ఆ మాటకు ఒప్పవు. సీతమ్మకు చింతాకు పతకం, భరతుడికి పచ్చల పతకం, శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు, లక్ష్మణుడికి ముత్యాల పతకం అంటూ చేయించిన నగలను పేరుపేరునా లెక్క చెప్పి, ఎవడబ్బ సొమ్మని రాముణ్ణే నిలదీసి, ఆ వెంటనే దెబ్బల బాధకు తిట్టానని వేడుకున్నవాడు ఫలం ఆశించనివాడు కాదు. అతనిది పుత్రకామేష్టి చేసినవాడి ప్రశ్నే: అంతా చేశాను, ఫలమేది? దానికి జనం చెప్పుకున్న జవాబు కూడా న్యాయసూత్రాల బాణీలోనే ఉంది. వెనకటి జన్మలో చిలకను పంజరంలో పెట్టిన పాపం ఈ జన్మలో చెరగా అనుభవించాడన్న కథ లోపాన్ని కర్త మీద పెట్టడమే. రామలక్ష్మణులు రామోజీ లక్ష్మోజీలుగా వచ్చి బాకీ తీర్చారన్న కథ ఫలం ఆలస్యమైందే గాని తప్పలేదని చెబుతుంది.

ఈ రెండు కథలూ లేకపోయినా గోపన్న శ్రమను బూడిదలో పోసిన పన్నీరు అనడం కుదరదు. అతను పూనుకున్న పని గుడి. అది చెరకు ముందే పూర్తయింది. చెరలో అడిగింది విడుదల. అది వేరే పని, వేరే ఫలం. రెంటినీ కలిపి ఒకే ప్రయత్నంగా చూడడం వల్లనే వ్యర్థమా కాదా అన్న చిక్కు పుడుతోంది. కుందేటికి ఆవు కొమ్ము తగిలించడం లాంటి పొరపాటే ఇది.