అమ్మ ఏ నెట్‌వర్క్‌లో ఉంది?

పోయిన బతుకమ్మ పండక్కి బోథ్ వెళ్ళి, వారం రోజులు అక్కణ్ణుంచే ఆఫీసు పని చేశాను. నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఉంటోంది కదా అని ఒక వైఫై కెమెరా కూడా పట్టుకెళ్ళాను. వెళ్ళగానే రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ తెరిచి కెమెరానీ టీవీనీ అందులో పెట్టాను. నా లాప్‌టాప్ మాత్రం అసలు నెట్‌వర్క్‌లో.

ఇది చాదస్తం కాదు. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ లక్షల కొద్దీ కెమెరాలనీ రౌటర్లనీ లొంగదీసుకుంది. దానికి పెద్ద తెలివేం అక్కర్లేకపోయింది. ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్‌లు ఓ 60 దాకా దగ్గర పెట్టుకుని ఒక్కోటీ వేసి చూసింది, అంతే. ఆ అక్టోబర్ 21న ఆ పరికరాల్లో కొన్ని డైన్ అనే సంస్థ మీద పడితే, అమెరికాలో చాలామందికి ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి కొన్ని గంటలు అందలేదు. అందుకే వేరు చెయ్యమంటారు. వచ్చినవాళ్ళని అరుగు మీద కూర్చోబెట్టి నీళ్ళిస్తాం, బీరువా తాళాలు ఇవ్వం. అందులో అవమానమేం లేదు.

అమ్మకి ఇదంతా చెప్పాను. శ్రద్ధగా విని, "అంటే గది నీ కంప్యూటర్లకు సొర్రకుండ అడ్డం పెట్టినవ్. మరి నేను ఏ దిక్కున్న బిడ్డా?" అంది.

కెమెరా దిక్కే. గెస్ట్ నెట్‌వర్క్ దాన్ని నా లాప్‌టాప్ జోలికి రానివ్వదు. కానీ అది చూసిందంతా కంపెనీ సర్వర్‌కీ, అక్కణ్ణుంచి నా ఫోన్‌కీ పోతూనే ఉంటుంది. అమ్మ జడ విప్పుకోవడం, నాన్న ఫొటో ముందు కూర్చోవడం, అన్నీ. నేను గోడ కట్టి కాపాడుకున్నది నా ఉద్యోగాన్ని.

గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం మాత్రం సొంత, ఇంటి అవసరాలకి మనుషులు వాడుకునే సమాచారానికి వర్తించదు. కొడుకుల మీద తల్లులు ఫిర్యాదులు పెట్టాలని నేననను. కానీ చట్టం గడప దగ్గర ఆగిందంటే, లోపలి న్యాయం మన మీదే ఉన్నట్టు. అక్కడ మనం "ప్రేమతోనే కదా" అంటాం. అదీ ఒక ఫ్యాక్టరీ పాస్‌వర్డే. ఏ తలుపైనా తెరుస్తుంది, మార్చాలని ఎవరికీ తోచదు.

మరి జారి పడితే? ఈ ప్రశ్న చిన్నదేం కాదు. అందుకే నిర్ణయం నేను చెయ్యలేదు, ఆమెనే అడిగాను. గేటు దిక్కు పెట్టమంది.

మొన్న మూడుసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. పక్కింటి వదినని పంపాను. పెరట్లో చిక్కుడుకాయలు తెంపుతోందట. ఆ అరగంట భయం మాత్రం నాదే. అమ్మ గదిలో గోడకి నేను తగిలించబోయింది దాన్నే.