‘సభ తీర్మానించెను’ అను మాట

పురపాలక సంఘపు తీర్మానముల పుస్తకమును తెరచి చూచినవారికి ప్రతి పుటయందును ఒకే తీరు వాక్యము కనబడును. ముందు విషయ సంఖ్య, దాని క్రింద కమీషనరు నివేదిక, ఖర్చు వ్రాయవలసిన పద్దు, చివర ‘సభ ఆమోదించినది’ అను మాట. వ్యాకరణ దృష్టితో చూచినచో అది నిర్దుష్టమైన వాక్యమే. కర్త కలదు, క్రియ కలదు. కాని ఆ కర్తకు ముఖము లేదు, ఇల్లు లేదు, చేసిన పనిని తలచుకొని నిద్రపట్టక పొరలిన రాత్రి లేదు. క్రియాఫలమును అనుభవించువారు రక్తమాంసములు గల మనుష్యులై యుండగా కర్త మాత్రము మనుష్యుడు కాకపోవుట ఎట్లు అను సందేహము ధర్మదృష్టి గలవారికి కలుగక మానదు.

ఒక సామాన్యమైన పట్టణమున నెలనెలా జరుగు సమావేశమును తలచుకొనుడు. కొన్ని దినములు ముందుగా సభ్యుల ఇండ్లకు అజెండా ప్రతులు చేరును. అందులో నలుబది యేబది విషయములు: ఫలానా వీధిలో కల్వర్టు మరమ్మతు, వీధిదీపముల కొనుగోలు, వేసవిలో ట్యాంకర్లతో నీరు తోలించిన బిల్లు, సంత ఆశీలు వేలము, దుకాణపు గదుల అద్దె గడువు పొడిగింపు, పారిశుద్ధ్య కార్మికుల కాంట్రాక్టు, కాలువల పూడికతీత. సభ ప్రారంభమైన తరువాత మొదటి గంట శిలాఫలకముపై ఒకరి పేరు లేకపోవుటను గురించియో, ప్రొటోకాలు తప్పుటను గురించియో వాదోపవాదములతో గడచును. పత్రికలవారు ఆ గంటను వ్రాసికొని పోవుదురు. అటుపిమ్మట గుమాస్తా విషయ సంఖ్యలు చదువ నారంభించును. ‘ఒకటి’ అనగానే ‘ఆమోదము’, ‘రెండు’ అనగానే ‘ఆమోదము’. ఎవరో బల్ల చరచుదురు. భోజనమువేళకు అన్నియు ముగియును. చివరగా టేబుల్ అజెండా అని కొన్ని కాగితములు వచ్చును. అప్పటికప్పుడు పంచినవి గనుక వాటిని చదువుటకు వ్యవధి యుండదు. అయినను ఆమోదము పొందుటలో అవి వెనుకబడవు. మరికొన్ని పనులు అప్పటికే జరిగిపోయి యుండును. వాటికి కావలసినది ర్యాటిఫికేషన్ మాత్రమే. జరిగిన పెండ్లికి ముహూర్తము పెట్టించుట వంటిది ఇది.

అన్ని ఊళ్లును ఇట్లే యని చెప్పుట అన్యాయము. ప్రతి పద్దును నిలదీసి అడుగు సభ్యులు గల సంఘములు లేకపోలేదు. అట్టి సభ్యుని తోటివారే ‘సభను సాగనీయడు’ అని విసుగుకొనుటయు కలదు.

ఇందులో తప్పేమున్నదని అడుగువారి వాదమును తేలికగా త్రోసివేయరాదు. సభ్యుడు ఇంజనీరు కాడు, లెక్కలు నేర్చినవాడు కాడు. అంచనాలను సరిచూచుటకు ఇంజనీరు కలడు, లెక్కలకు ఆడిట్ కలదు, అమలునకు కమీషనరు కలడు. చట్టవిరుద్ధమైన తీర్మానమును నిలిపివేయుటకు, రద్దుచేయుటకు ప్రభుత్వమునకు అధికారము కలదు. వీధిదీపమునకు బల్బు మార్చుటకై గంటసేపు ధర్మచర్చ సాగించినచో ఊరు చీకటిలో నుండును. నిజమే. నమ్మకము లేనిదే ఏ సంస్థయు ఒక దినమైన నడువదు. నిత్యకృత్యములలో చాలభాగము చదువకయే ఆమోదింపదగినవి కావచ్చును.

చిక్కంతయు ఆ ‘చాలభాగము’ అను మాటలో నున్నది. నలుబదింటిలో ఏ ఒక్కటి తక్కిన ముప్పదితొమ్మిదింటి వంటిది కాదో చదివిననే గాని తెలియదు. ఒక మనుష్యుని ప్రాణమునకో మానమునకో సంబంధించిన విషయము అజెండాలో ఎఱ్ఱసిరాతో అచ్చుకాదు. కల్వర్టు మరమ్మతునకును కుళాయి గొట్టములకును నడుమ, అదే కచేరీ భాషలో, అది మౌనముగా కూర్చుండియుండును.

మహారాష్ట్రములోని మహాడు పట్టణపు చరిత్ర ఇందుకు చక్కని దృష్టాంతము. నాటి కొలాబా జిల్లాలోని, అనగా నేటి రాయగఢ్ జిల్లాలోని, ఆ చిన్న పట్టణమున చవదార్ చెరువు కలదు. ముస్లిములు, క్రైస్తవులు అందు నీరు ముంచుకొనుచుండిరి. పశువులు త్రాగుచుండెను. అస్పృశ్యులని పిలువబడినవారికి మాత్రము ఆ గట్టు నిషిద్ధము. 1923 ఆగష్టు 4వ తేదీన బొంబాయి శాసనమండలిలో ఎస్. కె. బోలే గారు ప్రతిపాదించిన తీర్మానము నెగ్గెను. ప్రజాధనముతో కట్టి పోషించు బావులు, చెరువులు, ధర్మశాలలు, బడులు, కచేరీలు, వైద్యశాలలు వారికిని తెరువవలెనని దాని సారాంశము. తరువాత 1924 జనవరి 5వ తేదీన మహాడు పురపాలక సంఘము కూడ తన చెరువును అందరికిని తెరచుచు తీర్మానించెను.

ఆ తీర్మానము మంచిదే. కాదని ఎవ్వరును అనలేరు. దానిని పుస్తకమున వ్రాయుటకు ఖర్చేమియు కాలేదు. అందుచేతనే కాబోలు, దానివలన ఒక చుక్క నీరును రాలేదు. మూడేండ్లు గడచినను అది కాగితముపైననే యుండెను. ఆ చెరువుగట్టున అడుగిడువారికి రక్షణ యెవరు, అడ్డగించువారికి సమాధానము చెప్పునదెవరు అను విషయములు ఎవరి పనియు కాకపోయెను. మహాడు ఒక్కటే కాదు. 1926 ఆగష్టు 5వ తేదీన బోలే గారు మరల లేచి, మొదటి తీర్మానమును అమలుపరుపని పురపాలక సంఘములకు, స్థానిక బోర్డులకు ప్రభుత్వ గ్రాంటు ఈయరాదని మరియొక తీర్మానము తేవలసివచ్చెను. మొదటి తీర్మానము ఏ గతి పట్టినదో చెప్పుటకు ఈ రెండవ తీర్మానమునకు మించిన సాక్ష్యము అక్కరలేదు.

1927 మార్చి 19, 20 తేదీలలో మహాడులో జరిగిన సభకు అంబేద్కరు వచ్చెను. రెండవనాడు వేలాది జనులు ఊరేగింపుగా చవదార్ చెరువునకు నడచిరి. ఆయన ఆ నీటిని దోసిట పట్టి త్రాగెను. వెంట వచ్చినవారును త్రాగిరి. ఆ త్రోవను ప్రతి మనుష్యుడును తన కాళ్లతో నడచెను. తీర్మానించిన సంఘమునకు కాళ్లు లేవు. అంతలో వారు వీరేశ్వరాలయమున ప్రవేశింప బోవుచున్నారని పుకారు పుట్టెను. భోజనమునకు కూర్చున్నవారిపై, ఇండ్లకు మరలుచున్నవారిపై దాడి జరిగెను. పిదప పెద్దకులములవారు 108 కుండల పంచగవ్యముతో చెరువును ‘శుద్ధి’ చేసిరి. పశువుల మూతి తగిలినప్పుడు లేని మైల మనుష్యుని చేయి తగిలినంతనే వచ్చెనన్నమాట!

అటుపిమ్మట జరిగినది మరింత గమనింపదగినది. 1927 ఆగష్టు 4వ తేదీన, బోలే తీర్మానము నెగ్గిన సరిగా నాలుగేండ్లకు, మహాడు పురపాలక సంఘము తన 1924 నాటి తీర్మానమును రద్దుచేసెను. తెరువవలెనని వ్రాసిన సంఘమే ఆ మాటను కొట్టివేసెను. ఆ డిసెంబరులో పట్టణపు పెద్దకులస్థులు కొందరు చెరువు స్వంత సొత్తనియు, అస్పృశ్యులను దూరముంచుట అనాదిగా వచ్చిన ఆచారమనియు అంబేద్కరు మొదలగువారిపై దావా వేసి, తాత్కాలిక నిషేధపుటుత్తరువు పొందిరి. దావా క్రింది కోర్టున 1931లో వీగిపోయెను. అప్పీలులో బొంబాయి హైకోర్టు 1937 మార్చి 17వ తేదీన, అట్టి అనాదియాచారము ఋజువు కాలేదని తీర్పు చెప్పెను. ఒక సమావేశమున ముగియవలసిన పనికి పదుమూడేండ్లకు పైగా పట్టెను. ఆ నడుమ ఎన్ని కుటుంబములు ఎంతదూరమునుండి బిందెలు మోసికొని వచ్చెనో ఏ పుస్తకమునను వ్రాయబడలేదు.

ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. 1924లో చేసిన తీర్మానము నాటి పుణ్యము సంఘముదై, 1927లో దానిని రద్దుచేసిన పాపము కూడ సంఘముదే యైనచో, ఇక సభ్యులకు మిగిలినదేమి? వారు ఇంటికి వెళ్లి సుఖముగా భోజనము చేయుదురు. ముప్పదిమంది కలిసి ఒక బండను మోసినచో బరువును పంచుకొనవచ్చును. ముప్పదిమంది చూచుచుండగా ఒకడు బావిలో పడినచో, ఊరకుండుటలో తన పాలు ముప్పదవ వంతేయని ఎవడును చెప్పుకొనలేడు. ప్రతివాడును పూర్తిగా ఊరకుండెను. తీర్మానమునందలి సమ్మతి ఈ రెండవ జాతికి చెందినది.

శరణుల పద్ధతిని ఈ సందర్భమున తలచుకొనుట అప్రస్తుతము కాదు. కల్యాణమునందలి అనుభవమంటపము గోష్ఠియే. పలువురు కూడి విచారించిన చోటే. అయినను ఏ వచనమును ‘గోష్ఠి పలికెను’ అని ముగియదు. ప్రతి వచనమునకును ఒక అంకితము కలదు. కూడలసంగమదేవా యన్నంతనే బసవన్న, గుహేశ్వరా యన్నంతనే అల్లమప్రభువు, చెన్నమల్లికార్జునా యన్నంతనే అక్కమహాదేవి తెలిసిపోవుదురు. అంకితము ఇష్టదైవము పేరే గాని పలికినవారి పేరు కాదు; అయినను దైవసాక్షిగా పలికిన ఆ మాటకు ఉత్తరవాదులెవరో దాగదు. పడవ నడుపుకొని జీవించిన అంబిగర చౌడయ్య ఇంకొక అడుగు ముందుకు వేసి తన పేరునే అంకితముగా నిలిపెను. పండితుడు కాని పడవవాడు తన మాట క్రింద తన పేరు వ్రాసికొనగలిగినప్పుడు, ఓట్లడిగి గెలిచిన సభ్యునికి అంత వెనుకంజ యేల?

మహాడు కథ పాతబడినదని ఊరడిల్లుటకు వీలులేదు. నేటి పట్టణముల అజెండాలలో భూగర్భ మురుగుకాలువల శుభ్రత అను విషయము తరచు వచ్చును. తక్కువ ధర పలికిన టెండరు, ఇంజనీరు సిఫారసు, ఆమోదము. అర నిమిషపు పని. రక్షణసాధనములు లేకుండ మనుష్యుని మురుగుకాలువలోనికి, సెప్టిక్ ట్యాంకులోనికి దింపి శుభ్రము చేయించుటను 2013 నాటి చట్టము నిషేధించినది. 1993 మొదలు అట్లు మరణించినవారి కుటుంబములకు 10 లక్షల రూపాయలు చెల్లింపవలెనని 2014 మార్చి 27న సుప్రీంకోర్టు ఆదేశించెను. 2023 అక్టోబరు 20న ఆ మొత్తమును 30 లక్షలకు పెంచెను. మరణములు ఆగియున్నచో ఆ పెంపుతో పని లేకపోవును గదా!

విషవాయువు సోకి ఒక కూలీ మాన్‌హోలులో మరణించినాడనుకొనుడు. అధికారులు త్వరపెట్టిరని కాంట్రాక్టరు చెప్పును. టెండరును సభ ఆమోదించినదని అధికారి చెప్పును. అమలు కమీషనరు బాధ్యతయని సభ్యుడు చెప్పును. ఈ మూడు వాక్యములలో అసత్యమేదియు లేకపోవచ్చును. మూడును సత్యమై, ఆ సత్యములు ఒకదాని వెనుక ఒకటి గుండ్రముగా తిరుగుచుండగా, నడుమ శవమొకటి మిగులును. ఈ చక్రమును ఎక్కడనో ఒకచోట ఆపవలసియుండెను. అందరిలో తేలికగా ఆపగలిగినవాడు సభ్యుడే. అతనికి ఇంజనీరు విద్య అక్కరలేదు. ‘లోపలికి ఎవరు దిగుదురు? యంత్రము ఉన్నదా?’ అను రెండు ప్రశ్నలు చాలును. జవాబు సరిగా రానిచో విషయము వచ్చే సమావేశమునకు వాయిదా పడును. కాదు, వాయిదా పడకపోయినను, అడిగిన సభ్యుని పేరు పుస్తకమున వ్రాయుమని కోరవచ్చును. అసమ్మతిని వ్రాతమూలముగా ఈయవచ్చును. కొన్నిచోట్ల ఇట్టివి జరుగుచునే యున్నవి.

వరుసగా సమావేశములకు రాని సభ్యుని పదవి పోవునట్లు మన పురపాలక శాసనములలో నిబంధన కలదు. వచ్చి అయిదేండ్లు నోరు తెరువకుండ కూర్చున్నవానికి ఏ శిక్షయు లేదు. ఉండుట సాధ్యమును కాదు. మౌనమును చట్టము కొలువలేదు. ఆ కొలత అతని ఇంటిలోనివారికి, ఓటు వేసిన వీధివారికి వదలిపెట్టబడినది. వీధివారు మాత్రము సభ్యుని ఇంటికి శుభలేఖ పట్టుకొని పోవుదురు, రేషను కార్డు పని చెప్పుకొందురు. మొన్నటి సమావేశమున ఏయే విషయములు వచ్చెనని అడుగువారు అరుదు.

పురపాలక సంఘములను గురించి చెప్పి ఊరకుండుట కొంత సులభమైన పని. సమాజముల కార్యవర్గములు, వసతిగృహముల సంఘములు, విద్యాసంస్థల పాలకవర్గములు నడుచు తీరు కూడ తరచు ఇట్లే యుండును. వార్షిక సమావేశమున లెక్కలు చదువుట పది నిమిషములు, సన్మానములు రెండు గంటలు. పేదవిద్యార్థికి గది ఇచ్చుటయో, మానుటయో, వంటవాని జీతము పెంచుటయో, ఆపుటయో అన్నియు ఏకగ్రీవముగా జరిగిపోవును. ఆనాడు రాలేకపోయినవారి సంతకముల కొరకు మినిట్స్ పుస్తకమును రెండుమూడు దినముల తరువాత కుఱ్ఱవానిచేత ఇంటింటికి పంపుట వాడుక. తెచ్చినవాడు వాకిట నిలిచి, వ్రేలితో సంతకము చేయవలసిన చోటు చూపును. అతనికి మంచినీళ్లిచ్చి కూర్చుండబెట్టి, ఆ చోటికి పైన వ్రాసియున్నదానిని చదువుటకు పావుగంట పట్టును.