నిద్రలో చేసిన దానం

ప్రతి సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి నా పేరిట ఒక దానం జరుగుతుంది. ఆ వేళ నేను గుర్రుపెట్టి నిద్రపోతుంటాను. అద్దెకు తీసుకున్న ఒక లినక్స్ సర్వర్లో నేను రాసిన చిన్న ప్రోగ్రాం రాత్రీ పగలూ మేలుకుని ఉంటుంది. మొదట్లో అది వేళ కాగానే నా ఎథీరియం ఖాతాలో నిల్వ చూసుకుని, నా ప్రైవేట్ కీతో సంతకం చేసి, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రాసే ఒక బృందానికి కొంత పంపించేది. ఎథీరియం బ్లాక్‌చెయిన్లో 12 సెకన్లకో బ్లాకు. మామూలుగా ఓ పావుగంటలో ఆ లావాదేవీ స్థిరపడిపోతుంది. ఇక వెనక్కి రమ్మనడానికి మేనేజరు లేడు, కౌంటరు లేదు.

ఈ ప్రోగ్రాంని సర్వీసుగా నిలబెట్టడం పెద్ద విద్యేం కాదు. లినక్స్‌లో సర్వీసులు నడిపే సిస్టమ్‌డీకి ఒక యూనిట్ ఫైలు రాసివ్వాలి: ఏ ప్రోగ్రాం నడపాలి, ఏ యూజర్ పేరుమీద నడపాలి, పడిపోతే ఏం చెయ్యాలి. ‘ఎనేబుల్’ అన్నామంటే సర్వర్ రీబూట్ అయినా మనల్ని అడక్కుండా తనే మొదలవుతుంది. ‘రీస్టార్ట్’ దగ్గర ‘ఆల్వేస్’ అని రాస్తే ఎన్నిసార్లు పడినా లేపుతుంది. పూర్తిగా పిచ్చి పట్టకుండా దానికో కట్టడి ఉంది: మామూలుగా 10 సెకన్లలో 5 సార్లు మొదలెట్టి చూసి, ఇక వదిలేస్తుంది. కానీ మనలో చాలామంది పడిన ప్రతిసారీ 30 సెకన్లు ఆగి లేపమని రాస్తాం. దాంతో ఆ కట్టడి ఎప్పటికీ తగలదు. చెడిపోయిన ప్రోగ్రాం కూడా కల్పాంతం దాకా లేస్తూనే ఉంటుంది.

ఇదంతా మా బాబాయికి చెప్పాను. ఆయన కోనసీమలో ఆహితాగ్ని, రెండుపూటలా అగ్నిహోత్రం చేస్తారు. (ఈ రోజుల్లో కూడానా అనేవాళ్లకు డేవిడ్ నైప్ 2015లో అచ్చువేసిన ‘వేదిక్ వాయిసెస్’ చూపిస్తుంటాను. పుస్తకమంతా కోనసీమ ఆహితాగ్నుల గురించే.) ఆయన శ్రద్ధగా విని, “ఏరా, నువ్వు పడుకుంటే మరి ఇస్తున్నదెవరు?” అన్నారు.

“ప్రోగ్రామే, బాబాయ్.”

“దాని సొమ్మా?”

“కాదు, నాదే.”

“మరి ‘ఇది నాది కాదు’ అన్నదెవరు?”

ఆ ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. యజ్ఞమంటే మూడు, ద్రవ్యం, దేవత, త్యాగం. అధ్వర్యువనే ఋత్విక్కు ఆహుతి వేస్తాడు. ఆ ద్రవ్యం ఇక నాది కాదని అనేది మాత్రం యజ్ఞం చేయించే యజమాని. జైమిని తన మీమాంసా సూత్రాల్లో మూడో అధ్యాయం ఏడో పాదంలో దీనిమీద వాదమే నడిపాడు. ఫలం యజమానిదైతే పనులన్నీ అతనే చెయ్యాలి కదా అని పూర్వపక్షం. అక్కర్లేదు, ముఖ్యమైన ఆ వదులుకోవడం అతను చేస్తే చాలు, మిగతాది దక్షిణ ఇచ్చి కుదుర్చుకున్న ఋత్విక్కులు చెయ్యొచ్చని సిద్ధాంతం. రెండువేల ఏళ్ల కిందట మనవాళ్లు పనిని ఇంత తేటగా రెండుగా చీల్చారు. ఒకరికి అప్పగించగలిగింది ఒకటి, అప్పగించలేనిది ఇంకొకటి.

నా ప్రోగ్రాం దగ్గర అప్పటికి ఉన్నదేమో అప్పగించలేనిదే. బ్లాక్‌చెయిన్లో సంతకమే త్యాగం. కీ దాని చేతికిచ్చానంటే ఆహుతి వెయ్యడంతోపాటు ‘నాది కాదు’ అనడం కూడా దానికే వదిలేశానన్నమాట.

బ్యాంకు కార్డుమీద స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇచ్చినా ఇంతే కదా అని మొదట్లో సర్దిచెప్పుకున్నాను. ఇంతే కాదు. 2021 అక్టోబరు 1 నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కార్డుమీద ఇలాంటి ఆటోమేటిక్ కోత పడడానికి కనీసం 24 గంటల ముందు మనకు కబురు రావాలి, వద్దనుకుంటే ఆపుకునే వీలుండాలి. అడిగినా ఊరుకున్నామంటే అది ఒకరకం అనుమతి. ముంబయిలో ఆ నిబంధన రాసినవాళ్లకు మీమాంసతో పనిలేదు, అయినా త్యాగాన్ని మాత్రం యజమాని దగ్గరే ఉంచారు.

ప్రోగ్రాం పాపం తెలియకుండా చేస్తుంది కదా, దోషమేముంది అనేవాళ్లున్నారు. దానికి లేదు, నిజమే. కానీ దాని పొరపాటు చుట్టుకునేది నాకే. డబ్బు పంపిన క్షణానికీ పంపినట్టు రాసుకునే క్షణానికీ మధ్య అది కూలిందనుకోండి. సిస్టమ్‌డీ లేపుతుంది, ప్రోగ్రాం ఈ వారం పంపలేదనుకుని మళ్లీ పంపుతుంది. సంతకం చేసిన లావాదేవీనే రెండోసారి ఆడించకుండా నాన్స్ అనే వరుస సంఖ్య కాపాడుతుంది గానీ, కొత్త సంఖ్యతో కొత్తగా చేసిన సంతకాన్ని అదేం చేస్తుంది? అందుకే ముందు నాన్స్‌ను ఫైల్లో రాసుకుని తర్వాత పంపాలి. లేచినప్పుడు అదే సంఖ్య వాడితే రెండింట్లో ఒక్కటే లోపలికి వెళ్తుంది. బాబాయికి ఈ ముక్క బాగా నచ్చింది. అగ్నిహోత్రంలో తప్పిన వాటికి ప్రాయశ్చిత్తాల పట్టిక చాంతాడంత ఉంటుంది, జరగబోయే పొరపాట్లన్నీ ముందే ఊహించి రాసినవాళ్లంటే ఆయనకు గౌరవం. కానీ ఆ పట్టిక చదివి ప్రాయశ్చిత్తం చేసుకోవలసింది యజమానే.

అలాగని ప్రతి సోమవారం నాలుగింటికి లేచి బటన్ నొక్కమని శాస్త్రం కూడా అనదు. మావాళ్లది ఆపస్తంబ సూత్రం గానీ, ఈ విషయంలో ఇంకో సూత్రకారుడు ఆశ్వలాయనుడి మాట నాకు పనికొచ్చింది. పర్వాల్లో, అంటే అమావాస్య పౌర్ణములకు, యజమాని తనే హోమం చెయ్యాలి, తక్కిన రోజుల్లో ఋత్విక్కుల్లో ఒకరో, ఇంట్లో ఉండి చదువుకునే శిష్యుడో చెయ్యొచ్చన్నాడు. దూరాన ఉన్నవాడికీ దారి చూపారు, అతను ఉన్నచోటి నుంచే తన అగ్నుల్ని ఉపాసించాలి. అంటే మనిషి ప్రతిసారీ ఉండనక్కర్లేదు, పూర్తిగా మాయమైపోకూడదు.

దీన్నిబట్టి ఏర్పాటు మార్చాను. అసలు డబ్బు హార్డ్‌వేర్ వాలెట్‌లో పెట్టి సొరుగులో ఉంచాను. ప్రతి అమావాస్యకూ పౌర్ణమికీ దాన్ని తీసి, ఒక పక్షానికి సరిపడా ప్రోగ్రాం ఖాతాలో వేసేవాణ్ని. బాబాయి ఒప్పుకోలేదు.

“మధ్యలో నువ్వు వెనక్కి తీసుకోగలవా?”

“తీసుకోగలను.”

“అయితే సంచి మార్చావంతే. ఇవ్వలేదు.”

ఆయన బ్లాక్‌చెయిన్ చూసి ఎరగరు. కానీ పట్టుకోవలసిన చోటే పట్టుకున్నారు. అప్పుడు చిన్న స్మార్ట్ కాంట్రాక్టు రాశాను. అందులో వేసింది ఆ బృందానికి తప్ప ఎవరికీ పోదు, నాక్కూడా తిరిగి రాదు. సోమవారం విడుదల చెయ్యమని దాన్ని ఎవరైనా పిలవొచ్చు. సర్వర్లోని ప్రోగ్రాం ఇప్పుడు చేసేది ఆ పిలుపొక్కటే. దాని దగ్గరున్న కీతో, లావాదేవీకయ్యే గ్యాస్ రుసుముకు సరిపడే చిల్లర తప్ప ఇంకేం కదలదు. ఎవరైనా దొంగిలించినా పోయేది ఆ చిల్లరే. పర్వం రోజున వాలెట్ బటన్ నొక్కేది నేను, వదులుకునేది నేను. తర్వాత ఆహుతి వెయ్యడం మట్టుకే ప్రోగ్రాం వంతు. భద్రత కోసం నిపుణులు చెప్పేదీ మీమాంస చెప్పేదీ ఇక్కడ ఒకటే కావడం నాకు వింతగా తోచలేదు. రెండూ అడిగేది, ఎవరి చేతిలో ఎంత ఉండాలనే కదా.

ఇంకో చిక్కుంది. ఆహితాగ్ని పోతే ఆ అగ్నులతోనే దహనం చేస్తారు, యజ్ఞపాత్రలు ఆయన శరీరంమీదే అమర్చి కాలుస్తారు. యజమానితోపాటు అంతా ముగుస్తుంది. నేను పోతే ఒక పక్షం డబ్బు చేరవలసినచోటికి చేరుతుంది, ఆ తర్వాత సర్వర్ అద్దె ఆగేదాకా ప్రోగ్రాం ఖాళీ కాంట్రాక్టును ప్రతి సోమవారం పిలుస్తూనే ఉంటుంది. అందుకని ఆపే పద్ధతి మా ఆవిడకు చూపించాను: ముందు ‘స్టాప్’, తర్వాత ‘డిసేబుల్’. ఆవిడ నేర్చుకుంది. నేర్చుకుని, “ఆపకుండా అమావాస్యకీ పౌర్ణమికీ నేనే డబ్బు వేస్తూ పోతే ఆ పుణ్యం నీదా, నాదా?” అంది.

యజమానికి పక్కన పత్ని లేనిదే యజ్ఞం లేదు, ఆ మాటకొస్తే వాటా ఇప్పటికే ఆవిడకుంది. కానీ ఒక్కతే చేస్తే? ఈసారి ఊరెళ్లినప్పుడు బాబాయిని అడగాలి. ఆయన ఏమంటారో నేనిప్పుడే ఊహించగలను, మా ఆవిడ దానికి ఒప్పుకోదన్నది కూడా ఊహించగలను.