బెజ్జమహాదేవి ఒడిలో పాలు త్రాగని బిడ్డ



పాల్కురికి సోమనాథుని బసవపురాణమున ముగ్ధభక్తుల కథలు అనేకములు కలవు. వానిలో బెజ్జమహాదేవి కథ తల్లులందరికిని ఎరుకపడవలసినది. శివునకు తల్లి లేదు గదా యని వగచి ఆ సాధ్వి తానే తల్లియైనది. లింగమూర్తిని పసిబిడ్డగా నెంచి ఒడిలో నిడుకొని సాకినది. ఆమె వాత్సల్యమును పరీక్షింపదలచి శివుడు అంగిటిముల్లు వచ్చిన శిశువువలె పాలు త్రాగుట మానెను. ఆ తల్లి తల్లడిల్లినది. ఆ వ్యాధి తల్లి చేసిన పాపమువలన కలిగినదని సోమనాథుడు పలుకలేదు. పాలు మ్రింగలేని బిడ్డను ఒడిలో నుంచుకొని కుములుటయే ఆమె భక్తియైనది. ఆ భక్తికే శివుడు ప్రసన్నుడయ్యెను.

పురాణమున శివుని వ్యాధి లీల, క్షణములో తొలగినది. లోకమున అట్లు కాదు. పుట్టుకతోనో పసితనముననో మెదడుకు హాని కలిగి కాలుసేతులు బిగిసినవారు, మాట రానివారు, మెడ నిలుపలేనివారు, తరచుగా మూర్ఛలు వచ్చువారు, ఆటిజము గలవారు బిడ్డలలో కలరు. ఒక్కొక్క బిడ్డయందు ఇట్టివి రెండు మూడు కలసి యుండును. ప్రసవ సమయమున ప్రాణవాయువు అందకపోవుట, నెలలు నిండక జన్మించుట, తీవ్రమైన కామెర్లు, మెదడువాపు, జన్యులోపములు మున్నగునవి కారణములని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. కొన్నిట కారణమే తేలదు. మేనరికములలో కొన్ని జన్యువ్యాధులకు అవకాశము హెచ్చు గనుక పెండ్లికి ముందే వైద్యుని సలహా గైకొనుట మేలు. అంతేగాని పుట్టిన బిడ్డను చూపి తల్లిని నిందించుటకు ఆ మాట పనికిరాదు. పంచసూతకములను త్రోసిపుచ్చిన మతమున జన్మించియు, ఇట్టి బిడ్డగల తల్లిని పేరంటమునకు పిలువనివారు ఏ ఆచారమును పాటించుచున్నారో వారే చెప్పవలెను.

అనకాపల్లి జిల్లా రోలుగుంట మండలమును తలచుకొనుడు. 2022 ఏప్రిల్ వరకు అది విశాఖపట్టణము జిల్లాలోనిది. ఊళ్లలోనివారికి నర్సీపట్నము ప్రాంతీయ ఆసుపత్రి కొంత చేరువ. పెద్ద పరీక్షలకు విశాఖలోని కింగ్ జార్జి ఆసుపత్రికి పోవలసివచ్చును. ఆర్ల పంచాయతీలోని కొండగూడెములనుండి రోగులను డోలీలపై మోసికొని దిగిన వార్తలు పత్రికలలో పలుమారులు వచ్చినవి. నడువలేని పదేండ్ల బిడ్డను వ్యాయామ చికిత్సకై పదేపదే తీసికొనిపోవుట అట్టి చోట ఎంతటి పనియో ఊహింపవచ్చును. ఒక్కొక్క ప్రయాణమునకు ఒకనాటి కూలి పోవును. మూడవ నెలకో నాల్గవ నెలకో కుటుంబము వెళ్లుట మానుకొనును. అది వారి నిర్లక్ష్యమని అనుట సులభమే!

సమగ్ర శిక్షా పథకము క్రింద మండలములలో నడచు భవిత కేంద్రములు ఇందులకే ఏర్పడినవి. అచ్చట ప్రత్యేక ఉపాధ్యాయులు బోధింతురు. వ్యాయామ చికిత్స చేయింతురు. కేంద్రమునకు రాలేని బిడ్డకు ఇంటివద్దనే చదువు చెప్పు ఏర్పాటు కలదు. విద్యాహక్కు చట్టమునకు 2012లో చేసిన సవరణయు, తీవ్ర వైకల్యము గల బిడ్డ ఇంటివద్దనే చదువుకొను హక్కును గుర్తించినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, పూర్వము ఏడుగా నున్న వైకల్యములను ఇరువదియొకటిగా విస్తరింపజేసినది. ఆంధ్రప్రదేశమున 2024 జులై నుండి వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. పూర్తిగా మంచమునకో చక్రముల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 రూపాయలు. కాని ఇవన్నియు ధ్రువపత్రముతో ముడిపడియున్నవి. కాగితము వ్రాయనేర్చిన శరణుడొకడు ఆ తల్లితో ఒకదినము కార్యాలయములకు తిరిగినచో, అది కాయకమే యగును.

ప్రసాద విషయమున ఒక మాట. మ్రింగుట కష్టమైన బిడ్డకు భక్తితోనే అయినను గట్టి పదార్థమును నోట పెట్టరాదు. పాదోదకమును గడగడ పోయరాదు. పలుచని నీరు గొంతులోనుండి ఊపిరితిత్తులలోనికి జారి జ్వరములు తెచ్చును. బిడ్డను పండుకొనబెట్టి తినిపింపరాదు. నడుము, తల ఆనునట్లు కూర్చుండబెట్టి, గడ్డము కొంచెము క్రిందికి వంచి, మెత్తగా మెదిపిన అన్నమును చిన్న చిన్న ముద్దలుగా, మ్రింగినది చూచిన పిదపనే మరల పెట్టవలెను. ఒక పూట భోజనమునకు గంట పట్టవచ్చును. రోజునకు మూడు పూటలు! ఆ తల్లి లింగపూజకు తీరిక చేసికొనలేదని ఆక్షేపించు పెద్దలు ఈ లెక్కను కట్టి చూడవలెను. మూర్ఛ వచ్చినప్పుడు చేతిలో తాళపుచెవుల గుత్తి పెట్టుటయు, నోట చెంచా దూర్చుటయు హానియే. బిడ్డను ప్రక్కకు త్రిప్పి పండుకొనబెట్టి కనిపెట్టియుండవలెను. అయిదు నిమిషములు దాటినను తగ్గనిచో ఆసుపత్రికి చేర్పవలెను. మాత్రలను వైద్యుడు చెప్పక హఠాత్తుగా మానరాదు.

దాసోహమనగా అన్నము పెట్టుట ఒక్కటియే యని చాలమంది తలపోయుదురు. ఇట్టి ఇంటికి కావలసినది తరచుగా అన్నము కాదు, విశ్రాంతి. రాత్రులు నిదురలేని తల్లికి వారమునకొక పూట బిడ్డను చూచుకొను చేయి కావలెను. ఆ బిడ్డకు అన్నయో అక్కయో యుండును. వారి చదువును గూర్చి, వారి మనస్సును గూర్చి అడిగెడివారే యుండరు. ఇంటిలో తమకు చోటు తగ్గినదని వారికి తోచుట సహజము. ఆ పిల్లలను మఠములో జరుగు వేసవి శిక్షణకో, బంధువుల ఇంటికో తీసికొనిపోవుటయు దాసోహమే.

మఠముల విషయము కొంత నిష్ఠురముగనే చెప్పవలసియున్నది. దేహమునే దేవాలయముగా నెంచిన బసవేశ్వరుని పేర కట్టిన మందిరమునకు ఎత్తైన మెట్లే గాని వాలుదారి లేకుండుట ఏమి సబబు? ప్రవచన మధ్యమున బిడ్డ కేక వేసినచో అందరును వెనుదిరిగి చూతురు. తల్లి సిగ్గుపడి లేచిపోవును. మరుసటి బసవజయంతికి రాదు. పురాతనులలో దండి అడిగళ్లు పుట్టు గ్రుడ్డివాడు. తిరువారూరులో కోనేరు త్రవ్వబూని, గట్టునకు గోతికి నడుమ గుంజలు పాతి త్రాడు కట్టుకొని, దానిని తడుముకొనుచు మట్టి మోసెను. త్రాడు కట్టుకొనుటవలన ఆయన భక్తికి లోపమేమియు రాలేదు. చక్రముల కుర్చీయైనను, మాటకు బదులు బొమ్మలు చూపు పలకయైనను అట్టి త్రాడే.

ఈ తలిదండ్రులు పైకి అనని ప్రశ్న యొకటి కలదు: తాము పోయిన పిదప ఈ బిడ్డకు దిక్కెవరు? 1999 నాటి జాతీయ న్యాసము చట్టము ఆటిజము, మస్తిష్క పక్షవాతము, బుద్ధిమాంద్యము, బహుళ వైకల్యములు గలవారికి పదునెనిమిదేండ్లు నిండిన పిమ్మట సంరక్షకుని నియమించు మార్గమును ఏర్పరచినది. కలెక్టరు ఉండు స్థానిక స్థాయి సంఘమునకు దరఖాస్తు చేయవలెను. ఆ న్యాసము నడపు నిరామయ పథకమువలన ఏటికి లక్ష రూపాయలవరకు వైద్యపు బీమా లభించును. సంరక్షకుడుగా నుండుటకు ఒప్పుకొను మనిషి మాత్రము చట్టములో దొరకడు. అతడు మేనమామయో, పినతండ్రియో, అదే మఠమునకు వచ్చు శరణుడో కావలెను. ఆ మాటను తలిదండ్రులు జీవించియుండగనే, బిడ్డ అతని చేతి ముద్దకు అలవాటుపడునట్లుగా, ముందే అడిగియుంచవలెను.