మాండవ్యుడు గీసిన గీత

ఆదిపర్వంలోని మాండవ్యుడి కథను కర్మసిద్ధాంతానికి ఉదాహరణగా చెబుతుంటారు. నిజానికి అది పోలీసుల కథ కూడా. దొంగలు సొమ్ము తెచ్చి ముని ఆశ్రమంలో దాచారు. తరుముకొచ్చిన రాజభటులు ఎంత అడిగినా మౌనవ్రతంలో ఉన్న ముని నోరు విప్పలేదు. సొమ్ము దొరికింది, మనిషీ దొరికాడు, ఇంకేం కావాలి? దొంగలతో పాటు ఆయన్నీ కొరత వేశారు. తర్వాత ఆయన యముడి దగ్గరికి వెళ్ళి, ఏ పాపానికి ఈ శిక్ష అని నిలదీశాడు. చిన్నప్పుడు తూనీగల తోకల్లో పుల్లలు గుచ్చావు, దాని ఫలం ఇది అన్నాడు యముడు. తూనీగ తోకకు దారం కట్టి ఎగరేసే పిల్లలు జగ్గయ్యపేట పత్తిచేల గట్ల మీద ఎంతమంది లేరు! మాండవ్యుడు ఆ జవాబుకు తలవంచలేదు. తెలియని వయసులో చేసినదానికి ఇంత శిక్షా అని యముణ్ణే భూమ్మీద పుట్టమని శపించాడు. పద్నాలుగేళ్ళ లోపు చేసింది ఇకమీదట పాపం కాదని గీత గీశాడు. అలా పుట్టినవాడే విదురుడు.

ఆ గీత మాట ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉన్న నందిగామ, జగ్గయ్యపేటల్లోనూ పనికొస్తుంది. ఈ మెట్ట ఊళ్ళలో డిగ్రీ చదివిన కుర్రాడికి కానిస్టేబుల్ ఉద్యోగమంటే ఇంటిల్లిపాదికీ ఆధారం. రాతపరీక్ష అయింది, 1600 మీటర్లు ఎనిమిది నిమిషాల్లోపు పరిగెత్తాడు, చివరికి అటెస్టేషన్ ఫారం చేతికొచ్చింది. ఎప్పుడైనా అరెస్టయ్యారా, ఏదైనా కేసు ఉందా అని అందులో ఓ గడి. పదహారేళ్ళప్పుడు తిరునాళ్ళలో జరిగిన కొట్లాటలో పేరెక్కిన కుర్రాడు ఆ గడిలో ఏం రాయాలి? 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం, బాల్యంలో చేసిన నేరం వల్ల ఏ అనర్హతా అంటకూడదు. అప్పీలు గడువు దాటాక రికార్డును కూడా ధ్వంసం చేయాలి. పదహారు దాటి, ఘోరమైన నేరం చేసి, పెద్దవాడిగా విచారణకు గురైనవాడికి మాత్రం ఈ రక్షణ లేదు. 2019లో సీఐఎస్ఎఫ్ ఎస్సై నియామకానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. మైనరుగా ఉన్నప్పటి కేసులో శిక్ష పడి ఉన్నా సరే, దాన్ని అభ్యర్థికి అడ్డుగా చూపకూడదంది. చట్టం ఇంత స్పష్టంగా ఉంది. కానీ కాగితం చింపినంత తేలిగ్గా ఊరు మరిచిపోదు. స్పెషల్ బ్రాంచి మనిషి వచ్చి వాకబు చేస్తే టీకొట్టు దగ్గర ఎవరో ఒకరు చెప్పనే చెబుతారు.

పోలీసు ఉద్యోగం గుమాస్తా పని లాంటిది కాదు కదా, అనేవాళ్ళ మాటను తోసిపారేయలేం. లాఠీ, తుపాకీ, అరెస్టు చేసే అధికారం చేతికిచ్చేటప్పుడు మచ్చలేని మనిషిని వెతకడం న్యాయమే. 2013లో మెహర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందీ దాదాపు అదే. ఈ వాదానికి బౌద్ధంలో బలమైన సాక్ష్యం ఉంది. జగ్గయ్యపేట ధనంబోడు స్తూపం నీడలో బతికిన భిక్షువులకు అది తెలిసే ఉండొచ్చు. గజదొంగ అంగుళిమాలుడు భిక్షువయ్యాక జనం భయపడి తలుపులు వేసుకుంటుంటే, పేరుమోసిన దొంగకు ఇకపై దీక్ష ఇవ్వొద్దని బుద్ధుడు నియమం పెట్టాడని వినయ గ్రంథమైన మహావగ్గం చెబుతుంది. అంటే సంస్థ మీద జనం నమ్మకం కూడా ఒక విలువే, కరుణ ఒక్కటే చాలదు. అయితే అదే మహావగ్గంలో దీక్షకు వచ్చినవాణ్ణి అడగాల్సిన ప్రశ్నల పట్టిక ఉంది. రోగాలున్నాయా, అప్పులున్నాయా, రాజు కొలువులో ఉన్నావా, తల్లిదండ్రులు ఒప్పుకున్నారా, ఇరవై ఏళ్ళు నిండాయా అని అడుగుతారు. చిన్నప్పుడు ఏం చేశావన్న ప్రశ్న మాత్రం అందులో లేదు. జనాన్ని గడగడలాడించిన దొంగకు తలుపు మూయడం ఒకటి, కుర్రాడి బాల్యాన్ని తవ్వడం ఇంకొకటి.

తెలివైన ప్రత్యర్థి ఇక్కడ మాండవ్యుణ్ణే మనకు ఎదురు తిప్పుతాడు. ముని గీసిన గీత పద్నాలుగు దగ్గర ఉంది, మీ కుర్రాడికి పదహారు కదా అంటాడు. అయితే ఆ కథలో వయసు అంకె కంటే ముందు చూడాల్సింది, గీత ఎవరు గీశారన్నది. అది సృష్టితో పాటు పుట్టిన గీత కాదు. శిక్ష అనుభవించినవాడు, శిక్షించినవాడి లెక్క తప్పని చూపి గీసిన గీత. అందుకే దాన్ని జరపవచ్చు కూడా. మన చట్టంలో మగపిల్లలకు 1986లో పదహారు దగ్గరున్న హద్దు 2000లో పద్దెనిమిదికి జరిగింది. కర్మ అనుభవించక తప్పదంటారా? శిక్షో, మందలింపో, జువైనల్ జస్టిస్ బోర్డు చెప్పిన సేవో అనుభవించాకే కదా కుర్రాడు బయటికొచ్చింది. దెబ్బతిన్నవాళ్ళ బాధ కూడా నిజమే, దానికి పరిహారం అడిగే హక్కు వాళ్ళకుంది. ఆ హక్కు పదేళ్ళ తర్వాత ఇంకొకడి ఉద్యోగం ఊడగొట్టేదాకా సాగదు.

పెద్దవాళ్ళ విషయంలో మనమెంత ఉదారులమో కూడా చూడాలి. తండ్రి పేరున జగ్గయ్యపేట కట్టించిన వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు చింతపల్లిలో చెంచులను విందుకు పిలిచి నరికించాడనీ, ఆ పాపం వెంటాడగా అమరావతి చేరి అమరేశ్వరుడి సేవలో పడ్డాడనీ చెప్పుకుంటారు. దాన్ని ప్రాయశ్చిత్తమని మన్నించిన లోకం, కొట్లాటలో చేయిచేసుకున్న పిల్లాడి దగ్గర మాత్రం యముడి కంటే కచ్చితంగా లెక్క చూస్తుంది. అసలు యముడి విషయమే తీసుకుందాం. శాపం మోసుకుని పుట్టిన విదురుడికి హస్తినలో ధర్మం చెప్పే పని దక్కింది. పూర్వచరిత్ర వెరిఫికేషన్ పెట్టి ఉంటే ఆ కొలువు ఆయనకు దొరికేదే కాదు.

మిగిలింది సత్యం ప్రశ్న. దాచిపెడితే అబద్ధం కాదా అంటారు. నిజమే, పోలీసు కాబోయేవాడు అబద్ధంతో మొదలుపెట్టకూడదు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, చిన్న విషయాన్ని దాచినవాణ్ణి మన్నించే వీలు యజమానికి ఉందంది. కానీ మన్నింపు దాకా ఎందుకు వెళ్ళాలి? తుడిచేయమని చట్టం ఆదేశించిన సంగతినే మళ్ళీ రాయమనడంలో తప్పు కుర్రాడిది కాదు, ఫారానిది. రాస్తే తుడిచేసింది తిరిగొస్తుంది, రాయకపోతే అబద్ధాలకోరు అవుతాడు. పోలీసు రిక్రూట్‌మెంటు బోర్డు ఆ గడి కింద ఒక్క వాక్యం అచ్చువేస్తే చాలు: పద్దెనిమిదేళ్ళ లోపు జువైనల్ జస్టిస్ బోర్డు ముందు ముగిసిన కేసులు, చట్టం మినహాయించినవి తప్ప, ఇక్కడ రాయనక్కర్లేదు.