చేతిపనీ చదువూ

ఇంజనీరింగు చదివే విద్యార్థి తన చేతితో ఒక వస్తువును ఎందుకు చెయ్యాలి? ఈ ప్రశ్నకు సాధారణంగా రెండు జవాబులు వినవస్తుంటాయి. చేసి నేర్చుకున్నది మనసులో ఎక్కువకాలం నిలుస్తుందన్నది ఒకటి. పని తెలిసినవాడికి ఉద్యోగం త్వరగా దొరుకుతుందన్నది రెండవది. రెండూ నిజమే. కోటి విద్యలు కూటికొరకే అన్న పెద్దల మాటను కాదనవలసిన పనిలేదు. కాని ఈ రెండు జవాబులూ విద్యార్థికి కలిగే లాభాన్ని గురించి మాత్రమే చెబుతున్నవి. అతడు రేపు కట్టబోయే వంతెనమీద నడిచేవాడిని గురించి గాని, అతడు రాయబోయే ప్రోగ్రామును నమ్మి మందు తీసుకొనే రోగిని గురించి గాని అవి ఏమీ చెప్పవు. నేను ఇక్కడ విచారించదలచినది ఆ మరొక మనిషి సంగతి. వస్తువు చెయ్యడం నేర్పడంలో నీతికి సంబంధించినది ఏమైనా ఉన్నదా? ఉంటే అది ఎక్కడ ఉన్నది?

మాటలతో సాగే చదువులో ఒక సౌకర్యం ఉన్నది. జవాబు సగమే తెలిసినా తక్కిన సగాన్ని భాషతో కప్పిపుచ్చవచ్చు. పరీక్షకుడు మనిషి, అలసిపోతాడు, జాలిపడతాడు, చక్కని దస్తూరీకి మెత్తబడతాడు. వస్తువుకు ఈ బలహీనతలు లేవు. తీగె సరిగా అతకకపోతే దీపం వెలగదు. ప్రోగ్రాములో ఒక గుర్తు తప్పితే యంత్రం ముందుకు కదలదు. దానిని బతిమాలలేము, బెదిరించలేము, దాని దగ్గరికి సిఫారసు ఉత్తరం తీసుకొని పోలేము. అడుగడుగునా పలుకుబడితో పనులు జరుపుకొనే సమాజంలో, పలుకుబడి చెల్లని చోటు ఒకటి ఉన్నదని యువకుడికి తెలియజెప్పడం చిన్న విషయం కాదు. తెలుగువారు నేర్పరిని చేయి తిరిగినవాడంటారు. శక్తి లేనివాడిని చేతగానివాడంటారు. ఆ నుడికారంలో విద్యకు సాక్ష్యం చెప్పేది నోరు కాదు, చెయ్యి.

ఈ ఆలోచన మనదేశానికి కొత్తది కాదు. 1937 అక్టోబరులో గాంధీజీ అధ్యక్షతన వార్ధాలో జరిగిన విద్యాసభ, పిల్లల చదువు ఒక చేతివృత్తి చుట్టూ అల్లుకోవాలని తీర్మానించింది. దానికి పాఠ్యప్రణాళిక సిద్ధం చేసే పనిని ఒక సంఘానికి అప్పగించారు. ఆ సంఘానికి అధ్యక్షుడు డాక్టర్ జాకిర్ హుస్సేన్. హైదరాబాదులో పుట్టి, బెర్లిన్‌లో అర్థశాస్త్రం చదివి, ఢిల్లీలోని జామియా మిలియా ఇస్లామియాను కటిక పేదరికంలో నడుపుతూ ఉండిన ఆయన, 1967లో భారత రాష్ట్రపతి అయినారు. పిల్లలు చేసిన వస్తువులను అమ్మగా వచ్చిన డబ్బుతో ఉపాధ్యాయుడి జీతం గడవవచ్చునని గాంధీజీ ఆశించారు. జాకిర్ హుస్సేన్ ఆ ఆదర్శాన్ని గౌరవిస్తూనే, ఆ సభలోనే ఒక హెచ్చరిక చేశారు: బడి తన ఖర్చు తానే సంపాదించుకోవాలన్న మాటకు మరీ ప్రాముఖ్యం ఇస్తే ఉపాధ్యాయుడు బానిసలచేత పని చేయించేవాడుగా మారి పేదపిల్లల శ్రమను దోచుకొనే ప్రమాదం ఉన్నదన్నారు. పని అంతా విద్య కాదన్నది ఆయన దృఢవిశ్వాసం. ముందుగా ఆలోచించి, ప్రణాళిక వేసుకొని, చేసి, చేసినదాని మంచిచెడ్డలను తానే తూచుకొన్నప్పుడు మాత్రమే పని విద్య అవుతుంది. ఎనిమిది దశాబ్దాలు దాటినా ఈ హెచ్చరికకు పదును తగ్గలేదు.

వార్ధా ప్రణాళిక అనుకున్నంతగా వేరు పట్టకపోవడానికి మరొక కారణం ఉన్నది. దానిని మరచి చేతిపనిని పొగడడం న్యాయం కాదు. మన సమాజంలో చేతితో పని చెయ్యడం ఏనాడూ కేవలం పనిగా ఉండలేదు. అది కులానికి గుర్తుగా ఉండినది. మగ్గం దగ్గర, కొలిమి దగ్గర, తోలుపని దగ్గర తరతరాలు గడిపిన తండ్రి, తన బిడ్డ ఆ పనినుండి బయటపడాలనే అతడిని బడికి పంపాడు. ఆ బడి మళ్ళీ సుత్తిని చేతికిస్తే, మమ్మల్ని ఉన్నచోటనే ఉంచదలచుకున్నారా అని అతడు అడగడంలో తప్పేమున్నది? ఆ ప్రశ్నకు మాటలతో చెప్పగల సమాధానం లేదు. కలవారి బిడ్డకు కంప్యూటరూ, పేదవాడి బిడ్డకు రాట్నమూ ఇచ్చే చదువు అన్యాయమే. ఒకే బల్ల దగ్గర, ఒకే పనిముట్టు పట్టుకొని ఇద్దరూ నిలబడితే, ముందు తడబడేది తరతరాలుగా చేతికి మట్టి అంటనివాడే. ఆ తడబాటు అతడికి అవసరమైన పాఠం. చేతిపనిని అందరికీ సమానంగా విధించినప్పుడే అది అవమానం కాకుండా పోతుంది.

ఇక ఇంజనీరింగు విద్య సంగతి. ఢిల్లీలో కాశ్మీరీ గేటు వద్ద 1941లో పాలిటెక్నిక్ వెలిసింది. హౌజ్ ఖాస్‌లో 1961లో మొదలైన ఇంజనీరింగు కళాశాల 1963లో ఐ.ఐ.టి. అయింది. ఇటువంటి సంస్థలన్నింటిలోను మొదటినుండి కర్మశాలలు ఉన్నవి. మొదటి సంవత్సరం విద్యార్థి ఆకురాయితో ఇనుపముక్కను అరగదీస్తాడు, కొయ్యను చెక్కి అతుకు వేస్తాడు. కాని మన కళాశాలల్లో పలుచోట్ల ఈ పని ఎట్లా జరుగుతున్నదో చదివినవారందరికీ తెలుసు. అరగదీసిన ముక్క మార్కులు పడిన మరుక్షణం చెత్తలో చేరుతుంది. ప్రయోగశాలలో రావలసిన విలువ ముందే తెలుసు గనుక, దానినుండి వెనక్కు లెక్కవేసి కొలతలు రాసుకుంటారు. నిరుటివాడి రికార్డును ఈ ఏటివాడు చూచి రాస్తాడు. చివరి సంవత్సరపు ప్రాజెక్టును డబ్బు పుచ్చుకొని తయారుచేసి ఇచ్చే దుకాణాలు కూడా వెలిసినవి. వస్తువు అబద్ధమాడదని పైన అన్నాను. వస్తువు ఆడదు, కాని వస్తువును అడ్డం పెట్టుకొని మనిషి ఆడగలడు. చెయ్యి కదిలినంతమాత్రాన చదువులోకి సత్యం ప్రవేశించదని దీనివల్ల తేలుతున్నది.

అయితే లోపమెక్కడ? ఆ వస్తువుకోసం ఎదురుచూచే మనిషి లేకపోవడమే లోపమని నా అభిప్రాయం. ఇందుకు ఢిల్లీలోనే ఒక మంచి నిదర్శనం ఉన్నది.

ఈ శతాబ్దపు తొలి దశకంలో ఢిల్లీ ఐ.ఐ.టి.లో కంప్యూటరు శాస్త్రం చదివే విద్యార్థులు కొందరు, ఆచార్య ఎం. బాలకృష్ణన్ మార్గదర్శకత్వంలో, అంధుల చేతికర్రను తమ ప్రాజెక్టుగా తీసుకున్నారు. తెల్లకర్ర నేలమీది గుంటనూ, మెట్టునూ పసిగడుతుంది. మోకాటికి పైన ఉన్నదేదీ దానికి అందదు. వంగిన చెట్టుకొమ్మ, గోడనుండి బయటికి పొడుచుకొని వచ్చిన కూలరు పెట్టె, నిలిపి ఉన్న లారీ వెనుకభాగం ముఖానికి తగిలినప్పుడే తెలుస్తవి. విద్యార్థులు కర్ర పిడికి, మన చెవికి వినిపించని ధ్వనిని పంపే పరికరాన్ని అమర్చారు. ఆ ధ్వని అడ్డుకు తగిలి తిరిగివస్తుంది. రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం లెక్కకట్టి, ఆ పరికరం పిడిని ప్రకంపింపజేస్తుంది. అడ్డు ఎంత దూరాన ఉన్నదో చేతికి తెలుస్తుంది.

సూత్రం చాలా చిన్నది. గాలిలో ధ్వని సెకండుకు సుమారు 340 మీటర్లు పోతుంది. 3 మీటర్ల దూరాన ఉన్న అడ్డుకు తగిలి తిరిగిరావడానికి సెకండులో యాభయ్యవ వంతు కూడా పట్టదు. ఈ లెక్కను ఉన్నతపాఠశాల విద్యార్థి కూడా చెయ్యగలడు. కాని ఆ కర్ర స్మార్ట్‌కేన్ అనే పేరుతో వాడుకలోకి వచ్చినది 2014లో. మధ్య గడిచిన సంవత్సరాలన్నీ దేనికి పట్టినవి? కర్రను అందరూ ఒకే విధంగా పట్టుకోరు. కర్ర చెయ్యిజారి పడుతుంది, వానలో తడుస్తుంది. ప్రకంపన బలహీనమైతే తెలియదు, ఎక్కువైతే చెయ్యి మొద్దుబారుతుంది. ధర పెరిగితే, ఎవరికోసం చేశారో వారికే అందదు. ఇవేవీ పుస్తకంలో లేవు; కర్రను వాడవలసినవారి దగ్గర ఉన్నవి. అంధులకోసం పనిచేసే ఢిల్లీలోని సక్షమ్ సంస్థ, తయారీకి చెన్నైలోని ఫీనిక్స్ మెడికల్ సిస్టమ్స్, ధనసహాయానికి బ్రిటన్‌లోని వెల్‌కమ్ ట్రస్టు తోడైనవి. అంధుల చేతికిచ్చి, వారు నడవగా చూచి, వారు చెప్పిన లోపాలను దిద్దారు. విద్యార్థి ప్రాజెక్టు అట్లా వస్తువు అయింది.

ఇక్కడ పరీక్షకుడు మారిపోయినాడని పాఠకులు గమనించాలి. ఆచార్యుడు ఇచ్చే మార్కులతో ఆ కర్ర పట్టుకొని నడిచేవాడికి పనిలేదు. నూటికి తొంభై మార్కులు తెచ్చుకున్న ప్రాజెక్టు గొప్పదే కావచ్చు. నూరుసార్లలో పదిసార్లు కొమ్మను గుర్తించని కర్ర పదిసార్లు గాయపరుస్తుంది. ఈ రెండు లెక్కలకూ ఉన్న తేడా తెలుసుకోవడమే ఇంజనీరింగు విద్యలోని నీతి అంతా. పరీక్షలో తప్పుకు శిక్ష చేసినవాడికే పడుతుంది. వస్తువులో తప్పుకు శిక్ష మరొకడు అనుభవిస్తాడు. ఈ సంగతిని ఉపన్యాసంలో చెబితే విద్యార్థి తల ఊపి ఊరుకుంటాడు. తాను చేసినదాన్ని పట్టుకొని ఒక మనిషి తన కళ్ళముందు నడుస్తుంటే మరచిపోలేడు.

సిద్ధాంతం చదవకుండా ఈ పనులతో కాలం గడిపితే విద్యార్థి మేస్త్రీ అవుతాడే గాని ఇంజనీరు కాలేడని కొందరు ఆక్షేపిస్తారు. ఆ మాటలో మేస్త్రీ పట్ల ఉన్న చులకనను అటుంచితే, ఆక్షేపణలో కొంత బలం లేకపోలేదు. ధ్వనివేగం తెలియనివాడు ఆ కర్రను చెయ్యలేడు. గట్టున కూర్చున్నవాడికి ఈత రాదు. లోతు ఎంతో ఎరుగక దూకినవాడూ గట్టెక్కడు. నిజమైన ప్రాజెక్టు సిద్ధాంతాన్ని తోసిపుచ్చదు. దానిని ఆకలిగా మారుస్తుంది. కర్ర ఎందుకు తప్పుతున్నదో తెలియక రాత్రంతా గడిపినవాడు మరునాడు పుస్తకం తెరిచే తీరు వేరుగా ఉంటుంది.

మరికొందరు ఇంకొక కొసకు పోతారు. యంత్రాన్ని అందుబాటులో ఉంచితే చాలు, పిల్లలు తామే నేర్చుకుంటారంటారు. వీరికి ఢిల్లీలోని కాల్కాజీయే ఆధారం. 1999లో సుగతా మిత్రా తాను పనిచేసే ఎన్.ఐ.ఐ.టి. కార్యాలయపు గోడకు కన్నం చేసి, పక్కనున్న మురికివాడవైపు ఒక కంప్యూటరును అమర్చారు. ఎవరూ నేర్పకుండానే అక్కడి పిల్లలు దానిని వాడడం నేర్చుకున్నారు. కుతూహలం కులాన్నీ, సంపదనూ చూచి పుట్టదని ఆ గోడ లోకానికి చాటింది. అది అంగీకరించవలసిన సత్యం. కాని వాడడం వేరు, చెయ్యడం వేరు. చెయ్యడం వేరు, చేసినదానికి పూచీపడడం వేరు. ‘ఇది ఎవరికోసం?’ అని గోడలోని యంత్రం అడగదు. అడగడానికి ఒక గురువు కావాలి.

ఈ ప్రశ్న నేడు మరింత తీవ్రమైనది. మాటలతో అడిగితే ప్రోగ్రాము రాసిపెట్టే యంత్రాలు 2022 చివరినుండి సామాన్య విద్యార్థికి కూడా అందుబాటులోకి వచ్చినవి. ఒకప్పుడు దుకాణంలో డబ్బిచ్చి కొన్న ప్రాజెక్టు ఇప్పుడు కూర్చున్నచోటనే నిమిషాలలో వస్తున్నది. అందువల్ల ఆ యంత్రాలను నిషేధించాలని నేను అనను. పనిముట్టును చూచి భయపడడం ఇంజనీరుకు తగదు. కాని కర్ర కొమ్మను గుర్తించక ఒకడి నుదురు చిట్లినప్పుడు, ‘ఆ భాగాన్ని యంత్రం రాసింది, నాకు తెలియదు’ అనడం జవాబు కాదు. యంత్రం ఎంతభాగం రాసినా పూచీ మాత్రం మనిషిదే. తనకు అర్థం కానిదానికి పూచీపడలేడు గనుక మనిషి అర్థం చేసుకొని తీరాలి. చేసి నేర్చుకోవడానికి మనం చెప్పుకొనే కారణాలన్నీ పోయినా ఈ ఒక్క కారణం మిగులుతుంది.

ప్రభుత్వమూ ఈ దిశగా అడుగులు వేస్తున్నది. ఢిల్లీ కేంద్రంగా పనిచేసే అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2018లో ప్రకటించిన నమూనా ప్రణాళికలో ఇంజనీరింగు పట్టానికి కావలసిన క్రెడిట్లను 220 నుండి 160కి తగ్గించి, బయటి సంస్థలలో శిక్షణకు చోటు కల్పించింది. ఇది మెచ్చుకోవలసిన మార్పే. కాని శాసనం కాలాన్ని ఇవ్వగలదు; ఆ కాలంలో సత్యాన్ని నింపడం దానికి సాధ్యం కాదు. మిగిలిన గంటలలో మళ్ళీ నిరుటి రికార్డునే చూచి రాస్తే అరవై క్రెడిట్ల బరువు తగ్గిందే గాని చదువు పెరగలేదు.

అందువల్ల ప్రాజెక్టు ఎంత కొత్తది, ఎంత ఖరీదయిన పరికరాలతో చేశారు అనే ప్రశ్నలను తరువాత అడుగుదాము. ముందు అడగవలసినవి మూడు. దీనిని ఎవరు వాడతారు? వారి చేతికిచ్చి చూశావా? వారేమన్నారు? ఈ మూడింటికీ సూటిగా జవాబు చెప్పగల విద్యార్థి, అతడు చేసిన వస్తువు అరకొరగా పనిచేసినా, చదువుకున్నవాడే. చెప్పలేనివాడికి పట్టం ఇవ్వవచ్చును గాని, అతడు కట్టిన వంతెనమీద మన బిడ్డను నడిపించే ముందు మనం కొంచెం ఆలోచించుకోవలసి ఉంటుంది.