నూలుపోగులో నారాయణుడు

శ్రీరామచంద్రుని పాదస్పర్శచే పునీతమైన గౌతమీతీరమున, భద్రాద్రికి 30 కిలోమీటర్లకు పైబడిన దూరమున, పర్ణశాల యను పుణ్యస్థలము కలదు. అచ్చటి వాగు ఒడ్డున బండలను చూపి, సీతమ్మవారు నారచీరలను ఆరవేసిన గుర్తులు ఇవియే యని పెద్దలు చెప్పుదురు. యాత్రికులు ఆ గుర్తులకు నమస్కరించి మరలిపోవుదురు. ఆ నారచీరలో గృహస్థులకు పనికివచ్చు ఉపదేశ మొకటి ఇమిడియున్నదని తలచువారు కొందరే.

అయోధ్యాకాండలోని ఘట్టమును స్మరింపుడు. కైకేయి స్వయముగా నారచీరలను తెచ్చి యిచ్చినది. రామలక్ష్మణులు వానిని ధరించిరి. పట్టుపుట్టములు తప్ప అన్యమెరుగని జనకరాజపుత్రి ఒక చీరను మెడపై వైచుకొని, రెండవదానిని చేతబట్టుకొని, ఎట్లు కట్టవలెనో తెలియక సిగ్గుతో నిలిచినది. అప్పుడు శ్రీరాముడే సమీపించి, ఆమె పట్టుచీరపైననే ఆ నారచీరను తన చేతులతో ముడివైచెను. అంతఃపురస్త్రీలు కన్నీరు విడిచిరి. శివధనుస్సును విరిచిన చేతులు నారపోగును ముడివేయుటకు వెనుదీయలేదు. చేతిపని అల్పమని తలచువారు ఈ ఒక్క దృశ్యమును మననము చేసికొనిన చాలును.

మన ఋషులును చేతిపనిని చిన్నచూపు చూడలేదు. శాస్త్రమునకు వారు పెట్టిన పేరే సూత్రము, అనగా దారము. పాణిని వ్యాకరణమును, బాదరాయణుడు బ్రహ్మవిద్యను సూత్రములుగనే కూర్చిరి. బృహదారణ్యకోపనిషత్తులో గార్గి యాజ్ఞవల్క్యుని ప్రశ్నించుచు, ఈ జగత్తు దేనియందు పడుగుపేకలవలె నేయబడియున్నదని యడిగినది. ఆ పిమ్మట ఉద్దాలకుడు, ఇహపరలోకములను, సకలభూతములను కూర్చి నిలిపిన దారమేదియని యడుగగా, వాయువే ఆ సూత్రమని యాజ్ఞవల్క్యుడు బదులు చెప్పెను. మరణించినవాని అవయవములు సడలిపోయినవని లోకులనుటకు కారణము ఆ సూత్రము తొలగుటయేనని కూడ వివరించెను.

మహాభారతమున ఆదిపర్వములో ఉదంకుని కథ వచ్చును. గురుపత్నికి ఈయవలసిన కుండలములకై అతడు నాగలోకమునకు పోయి, అచ్చట ఇద్దరు స్త్రీలు తెల్లని నల్లని దారములతో వస్త్రము నేయుచుండుట చూచెను. ఆ స్త్రీలు ధాతవిధాతలనియు, ఆ తెలుపునలుపులు పగలు రాత్రులనియు తరువాత గురువువలన తెలిసికొనెను. కాలమే మగ్గము, మన దినములే ఆ పోగులు.

ఈ విషయములన్నియు నేను అనేక సంవత్సరములు పాఠము చెప్పినవాడను. ఐనను నా యింటనే నేను చేసిన అపరాధ మొకటి పాఠకమహాశయులకు విన్నవింపక తప్పదు. నా సహధర్మచారిణి ప్రతిదినము సంధ్యాదీపము పెట్టిన పిమ్మట తకిలి తీసికొని జంధ్యములకు నూలు వడుకుచుండెడిది. కార్తికమాసము వచ్చుచున్నదనగా వత్తులు చేయుచుండెడిది. ఒకనాడు నేను విద్యార్థులకు ఉపనిషత్పాఠము చెప్పుచుండగా, ఆమె గడపకడ కూర్చుండి వడుకుచుండెను. జంధ్యములు అంగడిలో దొరకుచుండగా ఈ శ్రమ యేల, పాఠము శ్రద్ధగా వినరాదా యని నలుగురియెదుట కఠినముగా పలికితిని. ఆమె తలయెత్తకయే, “వింటూనే ఉన్నానండీ. చెయ్యి ఊరికే ఉంటే మనసు వంటింట్లోకి పోతుంది” అన్నది. నేను ఆ మాటకు విలువ నీయలేదు.

కొంతకాలమునకు ఆమె పరమపదించినది. మరుసటి యేట శ్రావణపూర్ణిమకు అంగడి జంధ్యమును తెచ్చుకొని ఉపాకర్మ చేసికొంటిని. వారము తిరుగకముందే దానిలో ఒక పోగు తెగెను. వేరొకటి యున్నదేమోయని ఆమె పెట్టె తెరచి చూడగా, జంధ్యము లేదు. నూలు సగము చుట్టిన తకిలియు, ఒక సంచిలో దూది ఏకులును ఉన్నవి. ఆ నూలుకొన మధ్యలో తెగియుండెను. సూత్రము సడలుటను గూర్చి ఎన్నిమారులు పాఠము చెప్పితినో! ఆ తెగిన కొనను చేతబట్టుకొనిన ఆనాడు నాకు నోట మాట రాలేదు.

దానిని కొనసాగింపవలెనని కూర్చుంటిని. లాగిన కొలది తెగుచుండెను. నారచీర చేతబట్టిన సీతమ్మవలె తెలియక నిలిచిన నన్ను చూచి, పండ్రెండేండ్ల మా మనుమరాలు వచ్చి ప్రక్కన కూర్చున్నది. “తాతయ్యా, కోపంగా లాగితే తెగిపోతుంది. పురి ఎక్కేదాకా ఆగి, అప్పుడు మెల్లగా వదులు” అన్నది. తెగిన కొనను కొంచెము విప్పి, ఆ పోగులపై క్రొత్త దూదిని పరచి, తకిలిని త్రిప్పినది. ముడి లేకయే అతుకు కుదిరినది. ఎవరు నేర్పిరని యడిగితిని. “నాయనమ్మే. నువ్వు పాఠంలో చెప్పినవన్నీ నూలు వడుకుతూ నాకు కథలుగా చెప్పేది. నాగలోకంలో బట్ట నేసే ఆడవాళ్ల కథ కూడా చెప్పింది” అన్నది. నా పాఠమును విననిదని నేను మందలించిన ఆమెయే, నా పాఠమును నా మనుమరాలికి అందించినది.

ఆనాటినుండి నేను దూదిని చూచు చూపు మారినది. పత్తిపోగు సుమారు ఒక అంగుళము పొడవు మాత్రమే యుండును. వ్రేళ్లతో లాగిన తెగిపోవును. మా అడవి అంచున బూరుగుచెట్లు మెండు. బూరుగుదూది ఎంత మెత్తనిదైనను నునుపగుటచే పోగును పోగు పట్టుకొనదు; అది తలగడలకే పనికివచ్చును. పత్తిపోగు అట్లుకాదు. పురి త్రిప్పినకొలది ఒకదానినొకటి బిగించి పట్టుకొనును. మూరలకొలది దారములో మొదటినుండి చివరివరకు సాగిన పోగు ఒక్కటియు లేదు. ఒకటి ముగియకముందే మరియొకటి దానిని అందుకొనుచున్నది. వంశమును, విద్యయు, భక్తియు ఇట్లే నిలుచుచున్నవి. పురి తక్కువైన దారము విడిపోవును. మిక్కుటమైన మెలికలు పడును. సాధకుని నియమమును అంతే.

జంధ్యము చేయు విధియే ఒక సాధనము. నాలుగు వ్రేళ్లపై 96 చుట్లు చుట్టి కొలిచిన నూలును మూడు పేటలుగ పేని, దానిని మరల ముప్పేట చేసిన 9 తంతువులగును. ఓంకారము, అగ్ని మొదలుకొని విశ్వేదేవతలవరకు తొమ్మండుగురికి ఆ తంతువులయందు స్థానము చెప్పబడినది. చుట్టువారికి ఓర్పు లేనిచో 96 అను లెక్కయే నిలువదు.

భద్రాద్రిరాముని కల్యాణమును చూచినవారికి ఈ సంగతి తేటపడును. యోక్త్రధారణమున దర్భలతో అల్లిన త్రాటిని అమ్మవారి నడుమునకు కట్టుదురు. మాంగల్యధారణమున మూడు సూత్రములు కానవచ్చును. దశరథుని పక్షమున ఒకటి, జనకుని పక్షమున ఒకటి, 17వ శతాబ్దమున ఆలయమును నిర్మించిన కంచర్ల గోపన్న, అనగా భక్తరామదాసు, చేయించినది మూడవది యని సంప్రదాయము. తూర్పుగోదావరి జిల్లా కోరుకొండ ప్రాంతపు భక్తులు వడ్లను గోటితో ఒలిచి తలంబ్రములుగ సమర్పించుచున్నారు. మరలో ఆడించిన బియ్యము వారికి దొరకక కాదు. ఒక్కొక్క గింజతో ఒక్కొక్కమారు రామనామము పలుకుటకే ఆ శ్రమ.

ఇది ఒక కులమునకో, స్త్రీలకో మాత్రమే విధింపబడిన పని కాదు. భావనాఋషి తామరనూలుతో దేవతలకు వస్త్రము నేసెనని పద్మశాలీయులు చెప్పుకొందురు. కబీరుదాసు మగ్గముకడనే భగవంతుని కీర్తించెను. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశము దేశమున 20 లక్షల రాట్నములు తిరుగవలెనని తీర్మానించినపుడు, వడుకుట గృహధర్మమే కాక దేశధర్మమును అయ్యెను.

మన ఖమ్మము ప్రాంతమున పత్తికి కొదువ లేదు. పండిన పత్తి బస్తాలుగ అంగడికి పోవును. అందులో గుప్పెడు మీ యింట నుంచుకొనుడు. గింజ తీసి, దూదిని విడదీసి, సంధ్యవేళ దీపము ముందు అరగంట కూర్చుండుడు. తకిలియే కానక్కరలేదు. దేవునికి వత్తి చేయుడు. పూలదండకు అరటినార చీల్చుడు. మనుమలకు ఊలుచొక్కా అల్లుడు. చేతికి పనియు, నోటికి నామమును ఉన్నచో మనస్సు తనంతట తానే చేరువకు వచ్చును. ఇంటివారెవరైన అట్లు కూర్చుండిన, నావలె మందలింపక, ప్రక్కన కూర్చుండుడు.

మా యింటి తకిలిపై అడుగుపొరలలో ఆమె వడికిన నూలు ఇంకను ఉన్నది. దానిని విప్పక, దానిపైననే మనుమరాలును నేనును చుట్టుచున్నాము. సర్వసూత్రధారియగు భద్రాద్రిరాముడు పాఠకుల యిండ్లలో ఈ పోగును తెగనీయక కాపాడుగాక.

శ్రీరామార్పణమస్తు.